బాతుపిల్లలకు ఎనిమిది పలకల మడత కంచె: అనంతపురంలో వాడాలంటే ఏమేం మార్చుకోవాలి

కుక్కపిల్లల కోసమని ఆన్‌లైన్‌లో అమ్మే ఇనుప మడత కంచె ఇది. ఎనిమిది పలకలు, ఒక్కోటి రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. పైన నల్లటి పౌడర్ కోటింగ్. పలకలను ఒకదానితో ఒకటి కలిపే కడ్డీలు, ఒక పలకకు చిన్న తలుపు. మొత్తం బరువు ఏడెనిమిది కిలోలు, ధర మూడు వేలకు అటూ ఇటూ. రకరకాల పేర్లతో దొరుకుతున్నా సరుకు దాదాపు ఒకటే కాబట్టి ఇక్కడ ఏ కంపెనీ పేరూ ఎత్తడం లేదు.

తీర్పు ముందే చెప్పేస్తాం. రెండో వారం నుంచి ఎనిమిదో వారం దాకా బాతుపిల్లలను బయట తిప్పడానికి ఈ ధరలో ఇంతకంటే పనికొచ్చే వస్తువు లేదు. కానీ పెట్టెలోంచి తీసింది తీసినట్టు వాడితే మొదటి రోజే పిల్లలు చేయి దాటిపోతాయి. ఇంకో వెయ్యి లోపు ఖర్చు, ఒక పూట పని పెట్టుకోగలిగితేనే కొనండి. దీంతో కలిపి ‘కాంబో’ అని అంటగట్టే బాతు బెల్టు మాత్రం వద్దు. దాని సంగతి చివర్లో.

పెట్టె విప్పగానే చూడాల్సినవి

కడ్డీలు లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా ఆ మూల తెరుచుకుంటుంది. పలకలను ఒక్కొక్కటిగా బండల మీద నిలబెట్టి చూడండి. రవాణాలో వంగిన పలక కింద వేలు దూరేంత సందు వస్తుంది, ఆ సందులో పిల్ల కాలు ఇరుక్కుంటుంది. తర్వాత చిన్న దూది ఉండ తీసుకుని వెల్డింగ్ అతుకుల మీదుగా నెమ్మదిగా లాగండి. దూది పోగు ఎక్కడ తగులుకుంటే అక్కడ మొన ఉన్నట్టు. ఆకురాయితో నాలుగు సార్లు రుద్ది, ఆ చోట నల్ల ఎనామిల్ పెయింట్ వేసి రెండు రోజులు ఆరనివ్వాలి. బాతుపిల్ల ముక్కు ఊరుకోదు, మెరిసేది, ఊడొచ్చేది ఏదైనా నమిలి చూస్తుంది. పెచ్చులూడే కోటింగ్ ఉన్న పలకను వెనక్కి పంపించడమే మంచిది.

అసలు సమస్య సందులే

పలకల్లో నిలువు కమ్మీల మధ్య అంగుళంపావు నుంచి అంగుళంన్నర దాకా ఖాళీ ఉంటుంది. కుక్కపిల్లకు అది కంచె, వారం వయసు ఖాకీ క్యాంప్‌బెల్ జాతి బాతుపిల్లకు అది గుమ్మం. ఆ వయసులో దర్జాగా దూరి వెళ్లిపోతుంది. రెండు మూడు వారాలు వచ్చాక ఇంకా ప్రమాదం, ఎందుకంటే అప్పుడు తల దూరుతుంది, ఒళ్లు దూరదు. వెనక్కి లాక్కోవాలని పెనుగులాడి మెడ ఒరుసుకుంటుంది. ఆ కంగారులో మిగతావి మీద పడి తొక్కుతాయి.

దీనికి మందు అరంగుళం గళ్ల వెల్డ్ మెష్, అంటే తీగలు అతికించి చేసిన ఇనుప జాలీ. పాతూరులోనో టవర్ క్లాక్ వైపో హార్డ్‌వేర్ దుకాణానికి పోయి “అన్నా, మూడడుగుల వెడల్పుది అరంగుళం మెష్ రెండు మీటర్లు కోయి” అంటే సరిపోతుంది. లెక్క ఇదీ: మూడడుగుల వెడల్పును పొడవునా మూడు పట్టీలుగా కోస్తే అడుగు వెడల్పున్న రెండు మీటర్ల పట్టీలు మూడు వస్తాయి. ఒక్కో పట్టీలో 66 సెంటీమీటర్ల ముక్కలు మూడు. అంటే తొమ్మిది ముక్కలు, కావాల్సినవి ఎనిమిది. చుట్టూ ఒకే పట్టీ చుట్టేస్తే పని తొందరగా అయిపోతుందని అనిపిస్తుంది. అలా చేస్తే కంచె మడత పడదు, ఇక దాన్ని రోజూ ఎత్తి పెట్టేవాళ్లు ఉండరు. పలకకు పలక విడిగా కట్టాలి.

ముక్క అంచులను కటింగ్ ప్లేయర్‌తో సెంటీమీటరు మేర వెనక్కి మడవండి. మడత బయటి వైపుకే ఉండాలి. ప్రతి పలకకు ఆరు కేబుల్ టైలు: పైన మూడు, కింద మూడు. మొత్తం 48 కాబట్టి వంద ఉన్న ప్యాకెట్ ఒకటి తెచ్చుకుంటే చాలు. టై ముడి కూడా బయటికే రావాలి, తోకను మొదలంటా కత్తిరించాలి.

ఈ పని పిల్లలు తిరిగే చోట చేయొద్దు. కోసిన తీగ తునకలు, టై ముక్కలు నేల మీద పడితే బాతులు ఏరుకుని మింగుతాయి. మెష్ మీద ఉండేది జింకు పూత. మింగిన తీగ కడుపులో కరిగి జింకు విషం అవుతుంది. నీరసం, పచ్చటి రెట్ట, కాళ్లు పట్టు తప్పడం లాంటి లక్షణాలు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. గదిలో పాత దుప్పటి పరిచి, దాని మీద కోసి, చివర్లో అయస్కాంతం తిప్పి ఏరేయండి.

పలకకూ పలకకూ మధ్య, కడ్డీ దిగే చోట, ఇంకో సందు ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. రెండు సెంటీమీటర్ల పైనే తేలుతుంది. ఒక వైపు మెష్‌ను మూడు సెంటీమీటర్లు పక్క పలక మీదికి వచ్చేలా వదిలితే ఆ సందు మూసుకుంటుంది, మడతకూ అడ్డం రాదు.

తలుపు గురించి: అది కుక్కల ఎత్తుకు పెట్టింది. కింద గడప మూడంగుళాలు ఉంటుంది. మూడు వారాల లోపు పిల్లలు దాన్ని దాటబోయి బోర్లా పడతాయి, బరువైన వైట్ పెకిన్ జాతి పిల్లలైతే కాలు బెణుకుతుంది. ఆ తలుపును టైలతో మూసేసి, ఒక మూల కడ్డీ పైకి లాగి రెండు పలకలను గేటులా తెరవడం మేలు. దారి వెడల్పుగా ఉంటుంది, పిల్లలన్నీ ఒక్కసారే నడిచి వస్తాయి.

ఎనిమిది మూలలా, నలుచదరమా

అమ్మేవాళ్లు బొమ్మల్లో రకరకాల ఆకారాలు చూపిస్తారు. ఎనిమిది మూలలుగా నిలబెడితే లోపల సుమారు 19 చదరపు అడుగులు వస్తుంది. పక్కకు రెండు పలకల చొప్పున నలుచదరంగా పెడితే 16. పొడవుగా, ఆరడుగులు రెండడుగులుగా పెడితే 12 మాత్రమే. స్థలం కోసమే అయినా ఎనిమిది మూలలదే నయం. ఇంకా ముఖ్యమైన కారణం ఒకటుంది. బెదిరిన బాతుపిల్లలు అన్నీ కలిసి మూలకు పరిగెత్తి ఒకదాని మీద ఒకటి పడతాయి, అడుగున ఉన్నదానికి ఊపిరాడదు. నలుచదరం మూల ఇరుకు. ఎనిమిది మూలల ఆకారంలో మూలలు విశాలంగా తెరుచుకుని ఉంటాయి కాబట్టి అవి గుట్టపడకుండా అంచు వెంట తిరిగిపోతాయి.

19 చదరపు అడుగుల్లో నాలుగు వారాల దాకా ఆరు పిల్లలు, ఆ తర్వాత మూడు నాలుగు. ఒక్క పిల్లను మాత్రం పెంచొద్దు. జత లేని బాతు తిండి తినడం కన్నా అరవడం ఎక్కువ చేస్తుంది, నడక నేర్పడమూ కష్టం.

నేల సంగతి

కంచె కడ్డీలు కింద నాలుగంగుళాలు భూమిలోకి దిగేలా చేశారు. పచ్చిక ఉన్న మెత్తటి నేల అయితే సరే. మన గరుసు నేలలో అవి దిగవు, సుత్తితో కొడితే వంగిపోతాయి. ముందు రోజు సందేళ ఎనిమిది చోట్లా చెంబెడు నీళ్లు పోసి నానబెట్టండి. పొద్దున గడ్డపార మొనతో చిన్న బెజ్జాలు చేసి అప్పుడు కడ్డీ దించండి. అదే చోట రోజూ పెట్టేటట్టయితే ఆ బెజ్జాల్లో అరంగుళం పైపు ముక్కలు పాతేస్తే తిరిగి తవ్వే పని ఉండదు.

కంచె పెట్టే ముందు నేలను చీపురుతో కాదు, చేత్తో తడిమి చూడాలి. ఊరి చివర లేఅవుట్లలో ఖాళీ ప్లాటు ఏదైనా పల్లేరుకాయలు లేకుండా ఉండదు. సర్కారు తుమ్మ ముళ్లు సరేసరి. బాతు పాదం తోలు కోడి పాదంలా గట్టిది కాదు. పల్లేరు ముల్లు గుచ్చుకున్న చోట క్రిములు చేరి అరికాలిలో గట్టి కంతి లేస్తుంది, మధ్యలో నల్లటి పెచ్చు కడుతుంది. మొదట్లోనే చూస్తే ఉప్పు నీళ్లలో నానబెట్టి శుభ్రం చేసుకోవచ్చు, ముదిరితే పశువుల డాక్టరు కోసి తీయాల్సిందే. పాత గోనెపట్టా ఒకటి నేల మీద ఈడ్చి చూడండి. పల్లేరు ఉంటే దానికి అంటుకుని వస్తుంది, నేలా శుభ్రమవుతుంది. వయ్యారిభామ మొలిచిన చోటు, కలుపు మందు కొట్టిన చోటు వద్దు.

మిద్దె మీద పెట్టుకునే వాళ్లు కడ్డీలను నేలకు తగలకుండా కాస్త పైకి లాగి ఉంచి, బయటి వైపు మూలకొక ఇటుక ఆనించాలి. సిమెంటు గచ్చు మీద అరగంట నడిస్తే పిల్లల అరికాళ్లు గీరుకుపోతాయి. తడిపి పిండిన గోనెపట్టాలు రెండు పొరలు పరవండి. ప్లాస్టిక్ పట్టా పరిస్తే మాత్రం కాళ్లు జారి తొడలు రెండు వైపులా చీలినట్టు అవుతాయి. ఒకసారి అలా పడిన కాళ్లు సరిగ్గా నిలబడటం కష్టం.

ఇంకో హెచ్చరిక. కంచె తేలికే కదా అని పిల్లలు లోపల ఉండగానే ఎత్తి పక్కకు జరుపుతుంటారు. కింది కమ్మీ పాదాల మీద దిగితే ఎముక విరుగుతుంది. పిల్లలను బుట్టలోకి తీసి, కంచె జరిపి, మళ్లీ వదలండి. ఎత్తేటప్పుడు కాలు పట్టో రెక్క పట్టో లేపొద్దు. రెండు రెక్కలను ఒంటికి అదిమి, అడుగున చేయి పెట్టి ఎత్తాలి.

పైకప్పు, గాలి

ఈ కంచెకు పైకప్పు రాదు. కాకి, గద్ద, పిల్లి, ఈ మూడింటికీ పైనుంచి దారి తెరిచే ఉంటుంది. చిన్న పిల్లను కాకి కూడా పొడిచి ఎత్తుకుపోగలదు. ఆన్‌లైన్‌లో అమ్మే సన్న నైలాన్ పక్షి వల కొనొద్దు. పెద్ద గళ్లలో మెడ చుట్టుకుంటుంది, దారం పాదానికి బిగుసుకుంటుంది. నర్సరీలకు వాడే ఆకుపచ్చ షేడ్‌నెట్, ఎండను 75 శాతం ఆపే రకం, ఏడడుగులకు ఏడడుగులు కోయించుకోండి. ఎనిమిది మూలల కంచె ఎదురెదురు మూలల మధ్య ఐదడుగుల పైచిలుకు ఉంటుంది కాబట్టి చుట్టూ ముప్పావు అడుగు పైనే మిగులుతుంది. కోసిన అంచులను కాల్చి అతికించకపోతే పోగులు వేలాడతాయి, వాటిని బాతులు మింగుతాయి.

షేడ్‌నెట్‌ను కప్పాలంటే కంచె అంచుకు తాడుతో కట్టండి. బట్టల క్లిప్పులు ఒక్క గాలికి ఎగిరిపోతాయి, లోపల పడితే వాటి స్ప్రింగు ఇంకో బెడద. రెండడుగుల ఎత్తు కాబట్టి మనిషి లోపల నిలబడలేడు. సగం కట్టి, సగం తీయగలిగేలా పెట్టుకుంటే మేత పెట్టడం, పిల్లను తీయడం తేలిక.

ఆషాఢం వచ్చిందంటే ఈ పైకప్పే శత్రువు. మన వైపు పడమటి గాలి సంగతి తెలియనిది కాదు, రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. షేడ్‌నెట్ మొత్తం కప్పిన ఏడు కిలోల కంచె ఆ గాలికి తెరచాప ఎత్తినట్టు లేస్తుంది, దొర్లుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా గోడ చాటు లేని చోట పెట్టొద్దు. తప్పకపోతే గాలి వచ్చే పడమటి వైపు నెట్ విప్పేసి, తూర్పు సగం మాత్రమే కప్పి, ప్రతి మూలా అడుగున బయటి వైపు ఇటుక ఆనించండి. ఆ సగం నీడలో పిల్లలు ఉంటాయి, మిగతా సగం మీద మీ కన్ను ఉండాలి.

కుక్కల విషయంలో కంచెను నమ్మొద్దు. వీధి కుక్క ఒక్క తోపు తోస్తే పలక వంగుతుంది. ముంగిస మెష్ కింద తవ్వుతుంది. మనిషి పక్కన ఉన్నంతసేపు పిల్లలు చెదిరిపోకుండా చూసే వస్తువు ఇది. వదిలేసి ఇంట్లోకి పోయి టీవీ చూసే వాళ్లకు పనికిరాదు. రాత్రి గూడుగా అసలే వద్దు.

ఎప్పుడు, ఎంతసేపు

విదేశీ రాతల్లో బయటికి వదలడానికి ఐదారు వారాలు ఆగమంటారు, అక్కడి చలికి అది సరే. బాతుపిల్లకు మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావచ్చు. అనంతపురం ఎండాకాలంలో ఆ వెచ్చదనం గాలిలోనే ఉంటుంది కాబట్టి వారం దాటిన పిల్లలను పొద్దున పది నిమిషాలు తీసుకొస్తే ఏమీ కాదు. రెండో వారం చివరికి పావుగంట, మూడో వారం అరగంట, ఈకలు నిండుగా వచ్చే ఏడెనిమిది వారాలకు గంట, గంటన్నర. పిల్ల కూర్చుండిపోతే అలిసినట్టే, లేపి నడిపించొద్దు.

మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఐదున్నర తర్వాత. మధ్యలో నీడ ఉన్నా వద్దు. బాతుకు చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చి, పాదాలతో, ముక్కుతో వేడి వదులుకుంటుంది. రెక్కలు ఒంటికి దూరంగా జార్చి, నోరు తెరిచి ఆయాసపడుతుంటే వెంటనే నీడకు తెచ్చి పాదాలు మామూలు నీళ్లలో పెట్టండి. ఐసు నీళ్లు పోయడం మంచిది కాదు. డిసెంబరు, జనవరిలో దీనికి తలకిందులు: పొద్దున తొమ్మిది దాటాక, గాలి లేని చోట.

నీళ్ల బేసిన్

కంచెతో పాటు ‘పెట్ పూల్’ అని మడత ప్లాస్టిక్ తొట్టి ఒకటి చూపిస్తారు. అక్కర్లేదు. దాని నున్నటి గోడ ఎక్కలేక పిల్లలు లోపలే అలిసిపోతాయి. మేస్త్రీలు సిమెంటు మోసే ప్లాస్టిక్ బాండ్లీ కొత్తది కొనండి. గోడ వాలుగా ఉంటుంది, లోపల ఒక ఇటుక, బయట ఒక ఇటుక పెడితే మెట్లు తయారు. మొదటి రెండు వారాలు నీళ్లు రెండంగుళాలు మించొద్దు, పిల్ల కాళ్లు అడుగుకు ఆనాలి. ఐదు నిమిషాలు ఈదనిచ్చి తీసేయండి.

ఈత పిల్లలకు పుట్టుకతో వచ్చినా నీరు అంటకుండా చూసే నూనె అలా రాదు. తల్లి కింద పెరిగిన పిల్లకు తల్లి ఈకల నూనె అంటుతుంది. మన దగ్గర పెరిగేవాటికి తోక మొదట్లో ఉండే నూనె గ్రంథి పని మొదలయ్యే దాకా నూగు తడిసి ముద్దవుతుంది. తడిసిన పిల్ల వేసవిలోనూ వణుకుతుంది. బయటికి తీసి పాత తువ్వాలుతో అద్ది, ఎండ పొడ తగిలే చోట ఆరనివ్వాలి.

మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు కుళాయి తిప్పగానే కాలుతుంటాయి. పొద్దునే పట్టిపెట్టుకున్న నీళ్లు వాడండి. బాండ్లీ కంచె మధ్యలో ఉంటేనే మంచిది. అంచున పెడితే బోరు నీళ్లు చిమ్మి పలక అతుకుల దగ్గర తుప్పు పడుతుంది, కోటింగ్ పెచ్చులు లేస్తుంది. రోజూ చివర్లో పొడి గుడ్డతో కింది కమ్మీ తుడిస్తే కంచె రెండేళ్లు నిలుస్తుంది. ఈత లేకున్నా తాగే నీళ్ల గిన్నె ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు ఉండాలి, లేకపోతే ముక్కులో, కళ్లలో మేత పిండి గట్టిపడుతుంది.

పిల్లలను బుక్కరాయసముద్రం చెరువుకో ఇంకో చెరువుకో తీసుకుపోయి వదిలే ఆలోచన మాత్రం మానుకోండి. నిలిచి కుళ్లిన నీటిలో పుట్టే విషం తగిలితే బాతు మెడ వాలిపోతుంది, నిలబెట్టలేదు. వలస పక్షులు దిగే నీళ్లలో బర్డ్ ఫ్లూ భయం ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో అది ఏం చేసిందో పేపర్లలో చూశాం.

పిలిస్తే రావడం నేర్పడం

కంచె ఖరీదు వసూలయ్యేది ఇక్కడే. పెట్టెలో ‘ట్రైనింగ్ కిట్’ అని ఒక ఈల, నొక్కితే టిక్కుమనే ప్లాస్టిక్ క్లిక్కర్ పెడుతున్నారు. ఈల పిల్లలను బెదరగొడుతుంది. మీ గొంతే చాలు. ఇంట్లో ఉండగానే మేత పెట్టే ప్రతిసారీ ఒకే పిలుపు, “దా దా దా”, ఒకే స్వరంలో, మేత గిన్నె దించే ముందు. ముందు పిలుపు, ఆ వెంటనే మేత. ఈ వరుస తప్పితే పిలుపుకు అర్థం ఉండదు. ఇంట్లో ఎవరు పిలిచినా అదే మాట.

పిలిచిన వెంటనే పరిగెత్తుకుని వస్తున్నాయంటే కంచెలోకి మారండి. బయటికి తెచ్చే ముందు గంట సేపు మేత గిన్నె తీసేయండి, నీళ్లు మాత్రం తీయొద్దు. కంచెకు ఒక చివర నుంచి పిలిచి నానబెట్టి చిదిమిన పచ్చిబఠానీ రెండు మూడు పెట్టండి. ఆ తర్వాత ఎదురు చివరకు మారి మళ్లీ పిలవండి. నాలుగైదు సార్లు చాలు, ఇంకా చేస్తే విసుగొచ్చి గడ్డి మీద పడతాయి. మూడో దశలో పలక తెరిచి, రెండు గజాల దూరం నుంచి పిలవాలి. అన్నీ వచ్చాక తిరిగి కంచెలోకి అదే పిలుపుతో రప్పించి అసలు మేత అక్కడ పెట్టండి. బయట చిరుతిండి, లోపల భోజనం అయితే వెనక్కి రావడానికి బతిమాలే పని ఉండదు.

ఎదురుగా కదిలేదాన్నే తల్లి అనుకునే గుణం గుడ్డులోంచి వచ్చిన మొదటి రోజునే గట్టిగా ఉంటుంది. జంతు ప్రవర్తన మీద పనికి 1973లో నోబెల్ పంచుకున్న కాన్రాడ్ లోరెంజ్ బాతుల, పెద్దబాతుల పిల్లల్లో దాన్ని చూపించి పేరు తెచ్చుకున్నాడు. బెంగళూరు హెసరఘట్ట కేంద్ర పౌల్ట్రీ సంస్థ లాంటి చోట్ల నుంచి నాలుగైదు రోజుల పిల్లలను తెచ్చుకుంటే ఆ గడువు దాటిపోయి ఉంటుంది. అవి మనిషి వెంట పడవు, ఒకదాని వెంట ఒకటి పోతాయి. ముందు నడిచేదాన్ని గుర్తుపట్టి దానికి పిలుపు గట్టిగా నేర్పితే మిగతావి దాని వెనకే వస్తాయి.

తోలడానికి రెండు సన్నటి వెదురు కర్రలు కావాలి, ఒక్కోటి ఐదడుగులు. వరికోతలయ్యాక మళ్లలో బాతులు మేపేవాళ్లను గమనించండి, వాళ్లు కర్రతో కొట్టరు. కర్రను చేతికి పొడిగింపుగా చాచి దారి మూస్తారు. మీరూ అంతే: వెనకాల రెండు గజాలు ఎడంగా, రెండు కర్రలూ నేలకు దగ్గరగా చాచి, నెమ్మదిగా అడుగేయండి. కుడి కర్ర ముందుకు వస్తే గుంపు ఎడమకు తిరుగుతుంది. దగ్గరికి చేరి తొందరపెడితే గుంపు చీలుతుంది. రోజూ ఒకే దారి. ఇండియన్ రన్నర్ జాతివి పరుగులో ముందుంటాయి, బెదరడంలోనూ ముందే. పెకిన్‌లు బరువు, మూడో వారంలో ఇరవై ముప్పై అడుగుల నడక వాటికి చాలు.

చిరుతిండిగా చెనిక్కాయ చెక్క, పాత చెనిక్కాయ పప్పు ఎప్పుడూ పెట్టొద్దు. మన జిల్లాలో ఇంట్లో ఊరికే దొరుకుతుంది కాబట్టే ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది. బూజు పట్టిన చెనిక్కాయలో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషానికి పక్షుల్లో బాతుపిల్లలంత త్వరగా బలయ్యేవి అరుదు. కంటికి కనపడనంత బూజు కూడా కాలేయం దెబ్బతీస్తుంది. బ్రెడ్డు, బొరుగులు కడుపు నింపడమే తప్ప బలం లేదు. పచ్చిక మేసే రోజున కంచెలో ఒక మూల గుప్పెడు గరుకు ఇసుక పోయండి, అది లేకపోతే గడ్డి అరగదు.

నడక కుంటుగా, మోకాళ్లు వంకరగా కనిపిస్తే తప్పు కంచెది కాకపోవచ్చు. బాతుపిల్లకు కిలో మేతలో 55 మిల్లీగ్రాముల నియాసిన్ అనే విటమిన్ కావాలి, కోడిపిల్లల మేతలో అంత ఉండకపోవచ్చు. ఆ నియాసిన్ ఉండే బ్రూయర్స్ ఈస్ట్ పొడి ఎంత కలపాలో పశువుల డాక్టరును అడగండి. డక్ ప్లేగు టీకా వేయించే వయసు 8 నుంచి 12 వారాలు, అదే పనిలో అదీ అడిగి రండి.

ఆ బెల్టు ఎందుకు వద్దంటే

ఛాతీ చుట్టూ, రెక్కల కింద బిగించే గుడ్డ పట్టీ, ఐదడుగుల సాగే తాడు, కొన్నింటికి డైపరు సంచి. ఫొటోలో ముద్దుగా ఉంటుంది. మూడు నుంచి ఏడు వారాల మధ్య కొత్త ఈకలు రక్తం నిండిన గొట్టాల్లా మొలుస్తుంటాయి. పట్టీ ఒరిపిడికి అవి విరిగితే రక్తం కారుతుంది, మిగతా పిల్లలు ఆ ఎరుపు చూసి పొడుస్తాయి. పైగా పెకిన్ పిల్ల నెల రోజులకే కిలో దాటుతుంది. ఈ వారం సరిపోయిన పట్టీ వచ్చే వారం ఊపిరి బిగిస్తుంది. తడిసిన గుడ్డ కింద మన ఎండకు చర్మం పాసిపోతుంది. సాగే తాడు చివర బెదిరిన పిల్ల దూకితే వెనక్కి కొట్టుకుంటుంది. పది వారాలు దాటాక, డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికో మరి దేనికో తప్పనిసరైతే, పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత వదులుగా, ఇంట్లో ఐదు నిమిషాలు అలవాటు చేసి చూడండి. మెడకు మాత్రం ఏ వయసులోనూ తాడు కట్టొద్దు.

కొనాలా

మూడు నుంచి ఆరు పిల్లలు, పెరడో మిద్దో ఉండి, రోజూ పొద్దునా సందేళా పక్కన కూర్చునే మనిషి ఉంటే కొనండి. మట్టి పెరడు చుట్టూ నాలుగడుగుల ప్రహరీ ఉండి, గేటు కింద సందు మూసుకోగలిగితే కంచె అక్కర్లేదు, షేడ్‌నెట్ పందిరి ఒక్కటి చాలు. వారం వయసు పిల్లలకైతే ఇంట్లో ఉన్న కోళ్ల గంప బోర్లించి, పైన తడిగుడ్డ సగం కప్పినా పని జరుగుతుంది. అది ఊపిరాడే వస్తువు, గాలికి లేవదు కూడా. నడకకు చోటు చాలదు, అంతే తేడా.

ఖాకీ క్యాంప్‌బెల్ పెంచేవాళ్లు రెండడుగుల ఎత్తుది కాకుండా మూడడుగులది తీసుకోవడం మంచిది. తొమ్మిదో వారం నుంచి బెదిరితే రెక్కలు కొట్టి రెండడుగులు దాటేస్తాయి. మూడడుగుల పలకలో కమ్మీల సందు అంతే కాబట్టి పైన చెప్పిన మెష్ లెక్క మారదు. బరువు మాత్రం పది కిలోలు దాటుతుంది, మడిచి మిద్దె మెట్లెక్కించడానికి ఇద్దరు కావాలి.